ఓడిపోతున్న జట్టును మళ్లీ కట్టబోయి

ఈ మధ్య ఒక యువకుడు నన్ను వెతుక్కుంటూ ఖమ్మంలో మా ఇంటికి వచ్చాడు. ఏదో కంపెనీ ఫుట్‌బాల్ జట్టుకు కొత్తగా కోచ్ అయ్యాడట. జట్టు వరుసగా ఓడిపోతోందట. "ఎవరిని తీసెయ్యాలి సార్, ఎవరిని తెచ్చుకోవాలి? మీరు ముప్పై ఏళ్లు ఇదే పనిలో ఉన్నవాళ్లు" అని అడిగాడు. చాయ్ తాగించి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపించాను. అతను గేటు దాటి వెళ్లిన దగ్గర్నుంచీ నా మనసు ఊరుకోలేదు. నేను చెప్పినవన్నీ ఏ పుస్తకంలోనైనా దొరికేవే. నాకు నిజంగా తెలిసినది మాత్రం చెప్పలేదు. చెప్పాలంటే నేను చేసిన తప్పులు చెప్పాలి. అందుకని నోటితో చెప్పలేనిది కాగితం మీద పెడుతున్నాను.

మా నాన్న ఖమ్మంలో దర్జీ. నేను కొన్నాళ్లు ఒక డిపార్ట్‌మెంటు జట్టుకు హాఫ్‌గా, అంటే మైదానం మధ్యలో, ఆడాను. మోకాలు దెబ్బతిన్నాక కోచింగులోకి వచ్చాను. డెబ్బైల చివర్లో బూర్గంపాడు వైపు గోదావరి ఒడ్డున ఉన్న ఒక కాగితం మిల్లు తన ఫుట్‌బాల్ జట్టు కోసం నన్ను పెట్టుకుంది. ఆ రోజుల్లో జీతం తీసుకుని ఆడటమంటే అదే. ఆటగాడికి మిల్లులో ఉద్యోగం ఇస్తారు. పొద్దున, సాయంత్రం ప్రాక్టీసు, మధ్యలో తేలికపాటి పని. జట్టులో ఉన్నంతకాలమే ఆ తేలిక. జట్టులోంచి తీసేస్తే అందరిలాగే షిఫ్టు డ్యూటీ. ఈ సంగతి మీరు బాగా గుర్తుపెట్టుకోండి. కోచ్ ఒక పేరు కొట్టేస్తే పోయేది ఆట ఒక్కటే కాదు, ఆ మనిషి రోజు మొత్తం మారిపోతుంది. నేను అది తెలిసీ మరిచిపోయాను.

ఖాళీ ఎక్కడుందో నేను చూడలేదు

నేను చేరిన మొదటి మూడేళ్లు మా జట్టు హైదరాబాదు లీగులో పై డివిజన్‌లో బాగానే ఆడింది. ఆ తర్వాత ఓడటం మొదలైంది. ఓడటంలో కూడా ఒక పద్ధతి కనిపించేది. గంటసేపు సమంగా ఆడేవాళ్లం. చివరి అరగంటలో రెండు గోల్సు వెనకవెనకే పడేవి. చూసేవాళ్లకు వెనక వరసలోని మా బ్యాకులు పరుగెత్తలేక ఆయాసపడుతూ కనిపించేవాళ్లు. అందరూ ఒకటే మాట, "ముసలోళ్లయిపోయిండ్రు" అని. నేనూ అదే అనుకున్నాను.

మా కెప్టెన్ రాజలింగం. స్టాపర్ బ్యాక్, అంటే గోల్‌కీపర్‌కు ముందు చివరి గోడ. అప్పటికి ముప్పై నాలుగేళ్లు. పొట్టి మనిషి, ఎత్తు బంతులకు ఎలా అందేవాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బంతి ఎక్కడ పడుతుందో అందరికంటే ముందే తెలిసేది కాబోలు. మిల్లులో టైం ఆఫీసులో హాజరు రాసేవాడు. ఒక ఓటమి తర్వాత, తిరుగు రైల్లో నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"సార్, వెనుక కాదు మనకు దెబ్బ. నడిమిట్ల ఖాళీ అయితంది."

"నడిమిట్ల ఏందయ్యా, గోల్సు మీ మీదినుంచే పోతున్నయి కదా?"

"మా మీదినుంచే పోతున్నయి. కని మా దాక రానిస్తున్నది ఎవరు? మనుషులు చాలుతలేరని మన హాఫులిద్దర్ని లోడింగు షిఫ్టుకు ఏసిండ్రు సార్. వెదురు మోసి మోసి సాయంత్రం గ్రౌండుకు వస్తున్నరు. గంట దాటినంక కాళ్లు లేస్తలేవు వాళ్లకు. మీరు ఆఫీసుల ఒక్క మాట చెప్పి షిఫ్టు మార్పియ్యిండ్రి. చాలు."

ఆ మాట నిజమో కాదో తెలుసుకోవడానికి నాకు ఒక్క పూట చాలు. వెదురు యార్డులో నిలబడి ఆ హాఫులిద్దరి పని చూస్తే సరిపోయేది. నేను వెళ్లలేదు. కారణం సిగ్గుతో చెబుతున్నాను. షిఫ్టు మార్పించాలంటే ఉద్యోగుల డ్యూటీలు చూసే పర్సొనెల్ మేనేజర్ రావు గారిని అడగాలి. ఆయన్ను ఏదైనా అడగాలంటే నాకు భయం. ఆటగాళ్లను మార్చడానికి మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు.

ఓడే జట్టు చేతికి వస్తే ముందు ఎవరిని తియ్యాలి అని అడగకండి. ఆట చేజారడం ఏ నిమిషంలో, మైదానంలో ఏ చోట మొదలవుతోందో పది ఆటలు చూసి రాసుకోండి. గోల్ పడిన చోటుకూ తప్పు జరిగిన చోటుకూ చాలాసార్లు సంబంధం ఉండదు.

నోటీసు బోర్డు

రావు గారు కోస్తా జిల్లాల నుంచి వచ్చినవారు. చెడ్డమనిషి కాదు. ఫుట్‌బాల్ అంటే ఆయనకు ఫొటోలో నిలబడే ఒక వరస. ఆ ఏడు సీజను ముగిశాక నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

"ఖాదర్ గారూ, జట్టు చూస్తే పెళ్లికెళ్లే పెద్దల్లా ఉన్నారండీ. కొత్త రక్తం ఎక్కించండి. మీరెవర్ని తీసేస్తానన్నా నేను సంతకం పెడతాను. వచ్చే ఏడాది నాకు కొత్త మొహాలు కనిపించాలి, అంతే."

ఆ గదిలోంచి బయటికి వస్తుంటే నాకు గర్వంగా అనిపించింది. అధికారం ఇచ్చారనుకున్నాను. నిజానికి ఆయన నాకు ఇచ్చింది తప్పించుకునే దారి. ఏడు పేర్లు రాశాను. గోల్‌కీపర్, ఇద్దరు బ్యాకులు, రాజలింగం, ఆ హాఫులిద్దరు, సెంటర్ ఫార్వర్డ్. గోల్‌కీపర్ నుంచి ఫార్వర్డ్ దాకా జట్టుకు వెన్నెముక లాంటి ఆ వరస మొత్తాన్నీ ఒకేసారి తీసేశాను. కాగితాన్ని క్లబ్బు నోటీసు బోర్డుకు అంటించి ఇంటికి వెళ్లిపోయాను. ఏడుగురిలో ఒక్కరి మొహం చూసి కూడా చెప్పలేదు.

మర్నాడు పొద్దున రాజలింగం మా క్వార్టరుకు వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"నా పేరు ఉంది, సరే సార్. ఎప్పటికైన ఉంటది. ఒక్కటి అడుగుత. నా జాగల ఎవర్ని తెస్తరో వాని పక్కన నన్ను ఒక్క ఏడాది ఉండనియ్యండి. నేను ఆడను. బయట నిలబడి అరుస్త, అంతే. ఎక్కడ నిలబడాలె, ఎప్పుడు ముందుకు రావాలె, చెప్పేటోడు లేకుంటే ఆగమైతడు వాడు."

"చూద్దాం రాజలింగం. కొత్త పద్ధతిల పోదామని అనుకుంటున్న" అన్నాను.

అసలు సంగతి వేరు. ఆయన గ్రౌండులో ఉంటే కుర్రాళ్లు నా విజిల్ వినరు, ఆయన మొహమే చూస్తారు. అది నాకు ఇష్టం లేకపోయింది. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

వారం తిరక్కుండా రాజలింగాన్ని టైం ఆఫీసు నుంచి తీసి, వెదురు ముక్కలు కొట్టే మిషన్ దగ్గర వేశారు. పన్నెండేళ్లు మిల్లు పేరు వీపు మీద వేసుకుని ఆడిన మనిషి. నేను ఆ మిషన్ వైపు దారి మానేసి, క్యాంటీన్ చుట్టూ తిరిగి ఆఫీసుకు వెళ్లేవాణ్ణి.

నేను ఐదు నిమిషాల్లో కాదన్న ఆటగాడు

కొత్తవాళ్ల కోసం ట్రయల్స్ పెట్టాను. హైదరాబాదు నుంచి పది, పన్నెండు మంది వచ్చారు. స్థానికులు ఓ ఇరవై మంది. వాళ్లలో సోడె ముత్తయ్య ఒకడు. పర్ణశాల అవతల అడవిలో ఉన్న కోయ గూడెం నుంచి వచ్చాడు. వయసు పంతొమ్మిదో ఇరవయ్యో. పల్లెల మధ్య జరిగే పోటీల్లో చూసి, రమ్మని చెప్పింది రాజలింగమే. జట్టులోంచి తీసేసిన తర్వాత కూడా నా కోసం ఆటగాణ్ణి వెతికాడన్నమాట. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు.

ముత్తయ్య ఉత్త కాళ్లతో వచ్చాడు. బూట్లు లేకపోతే ఆడనివ్వనని చెప్పి, స్టోరులోంచి ఒక జత ఇప్పించాను. అవి అతనికి ఒక సైజు పెద్దవి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బూట్లు వేసుకున్నవాడు ఎలా పరుగెత్తుతాడు? రెండుసార్లు జారిపడ్డాడు. మూడోసారి బంతి కాలికింద ఇరుక్కుంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఐదు నిమిషాలు చూసి, చేత్తో సైగ చేసి బయటికి పంపించాను. బూట్లు విప్పి, వాటికంటిన మట్టి దులిపి, స్టోరు మెట్టు మీద జతగా పెట్టి వెళ్లిపోయాడు.

హైదరాబాదు వాళ్లలో ఐదుగురిని తీసుకున్నాను. వాళ్ల కాళ్లలో పనితనం ఉంది, అందులో అబద్ధం లేదు. బంతి కాలి దగ్గరున్నప్పుడు వాళ్లు చేసే పనులు చూసి రావు గారు చప్పట్లు కొట్టారు. నేను చూడనిది, బంతి దగ్గర లేనప్పుడు వాళ్లు ఏం చేస్తారన్నది. తొంభై నిమిషాల ఆటలో ఒక మనిషి కాలి దగ్గర బంతి ఉండేది రెండు, మూడు నిమిషాలే. మిగతా సమయమంతా అతను నడుస్తాడా, వెనక్కి వస్తాడా, పక్కవాణ్ణి పిలుస్తాడా అన్నది చూడాలి. ట్రయల్స్‌లో అందరి కళ్లూ బంతి మీదే ఉంటాయి. కోచ్ కళ్లు కూడా అక్కడే ఉంటే ఇక కోచ్ ఎందుకు?

ఆ ఐదుగురిని కూడా నేను సరిగ్గా చూసుకోలేదు. ఒకే క్వార్టరులో ఐదుగురినీ వేశాం. అప్పట్లో మా దగ్గర సాయంత్రమైతే చూడటానికి గోదావరి, మాట్లాడటానికి మిల్లు సైరను, అంతే. సెంటర్ ఫార్వర్డుగా వచ్చిన కుర్రవాడు నెల రోజులు సరిగ్గా తినలేదట. నాకు తెలిసింది అతను వెళ్లిపోయాక. పొద్దున ప్రాక్టీసుకు రాలేదని తలుపు తడితే మంచం ఖాళీగా ఉంది. వాళ్ల అమ్మకు ఒంట్లో బాగాలేదని చీటీ. ఆ తర్వాత ఇంకొకడు వెళ్లాడు. ఉన్నవాళ్లు కూడా ఎప్పుడెప్పుడు వెళ్దామా అన్నట్టు ఆడారు. నేను ఒక్కనాడైనా ఆ క్వార్టరుకు వెళ్లి "ఏం తిన్నరు?" అని అడిగి ఉంటే ఏమయ్యేదో.

కొత్త స్టాపర్ బ్యాక్‌కు ఎక్కడ నిలబడాలో చెప్పేవాళ్లు లేరు. రాజలింగం అన్నట్టే ఆగమయ్యాడు. ఆఖరి ఆటలో ఐదు గోల్సు తిన్నాం. మా జట్టు కింది డివిజన్‌కు పడిపోయింది. ఆ రోజు డ్రెస్సింగు గదిలో ఎవరూ ఏడవలేదు. ఏడవడానికి ఆ జట్టు ఎవరిదీ కాదు. ఓడినందుకంటే అది చూసినందుకు నాకు ఎక్కువ బాధ కలిగింది.

రాజలింగం దగ్గరికి

రెండు వారాలు ఆలోచించి, ఒక మధ్యాహ్నం ఆ వెదురు మిషన్ దగ్గరికి వెళ్లాను. రాజలింగం తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. కనుబొమల మీద, చేతుల మీద వెదురు పొట్టు. మిషన్ మోతలో మాట వినపడదు. నన్ను చూసి పక్కవాడికి పని అప్పగించి బయటికి వచ్చాడు.

"తప్పయిపోయింది రాజలింగం" అన్నాను.

"ఏ తప్పు సార్?"

ఏ తప్పని చెప్పాలి? తీసెయ్యడమా, చెప్పకుండా తీసెయ్యడమా, పక్కన ఉంటానంటే వద్దనడమా?

"అన్నీ" అన్నాను.

ఆయన తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. "మిమ్మల్ని మాఫ్ చేసుడు నా చేతుల లేదు సార్. నాకు కోపం ఉంది, ఉంటది. కని జట్టును గట్ల చూడలేను. రేపటి సంది సాయంత్రం వస్త. డ్యూటీ అయినంక. ఒక షరతు."

"చెప్పు."

"ట్రయల్సుకు నేను పంపిన ముత్తయ్యను తీస్కరావాలె. మీరే పోవాలె. నేను తోడు వస్త."

భద్రాచలం నుంచి పర్ణశాల బస్సు ఎక్కి, దిగాక బండి బాటలో నడిచి వెళ్లాం. ముత్తయ్య ఇంటి ముందు పందిరి వేస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు, పలకరించలేదు. రాజలింగాన్ని చూసి మాత్రం "అన్నా" అంటూ ఎదురొచ్చాడు. వాళ్లమ్మ మాకు చాప వేసింది. ఆమెకు తెలుగు కొద్దిగా వచ్చు. కోయలో ఏదో అడిగింది. ముత్తయ్య తల వంచుకుని చెప్పాడు.

"అక్కడ నాతోని ఎవలు కలిసి తింటరని అడుగుతంది."

రాజలింగం వెంటనే, "నేను తింట అమ్మా. మా ఇంట్లనే ఉంటడు" అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. మళ్లీ అడిగింది. ముత్తయ్య చెప్పడానికి వెనకాడాడు. రాజలింగం "చెప్పు, చెప్పు" అన్నాడు.

"మొన్న పొమ్మన్నరు, నేడు రమ్మంటున్నరు. మల్ల పొమ్మనరు గద అంటంది."

"అననమ్మా" అన్నాను. "రెండేళ్లు ఆడితే పర్మినెంటు ఉద్యోగం వస్తుంది. నాది పూచీ."

ఎవరూ నన్ను పూచీ అడగలేదు. ఆ మాట నా అంతట నేనే అన్నాను.

బాగున్న రెండేళ్లు

ఆ రెండేళ్లు ఎలా గడిచాయో మీకు పనికివస్తుంది కనుక చెబుతాను. ముత్తయ్యకు మొదటి నెల బూట్లు ఇవ్వలేదు. రెండో నెల సాయంత్రం అరగంట, మూడో నెల గంట. బూట్లు అతని కాలికి సరిపడేవి భద్రాచలంలో కుట్టించాడు రాజలింగం. ఎడమ అంచున, వింగులో పెట్టాం. పరుగు సంగతి అలా ఉంచండి, బంతి పోగానే వెనక్కి తిరిగి వచ్చేవాడు. ఎవరూ నేర్పకుండానే. పక్కవాడి చోటు ఖాళీ అయితే తను వెళ్లి నిలబడేవాడు.

తీసేసిన ఏడుగురిలో ముగ్గురిని మళ్లీ పిలిచాను. హాఫులిద్దరూ, గోల్‌కీపర్. ఈసారి ఇళ్లకు వెళ్లి పిలిచాను. హాఫుల షిఫ్టు సంగతి రాజలింగమే ఫోర్‌మన్‌తో మాట్లాడి సరిచేశాడు. నేను ఏడాదిపాటు భయపడిన పని ఆయనకు చాయ్ తాగినంత సేపు పట్టింది. కొత్తవాళ్లను సీజనుకు ఇద్దరినే తెచ్చాం. తెచ్చిన ప్రతి కొత్తవాడి పక్కన ఒక పాతవాణ్ణి ఉంచాం. పాతవాడికి ముందే చెప్పాం, "నీ చోటు వీడిదే, రెండేళ్లలో నువ్వే అప్పగించాలె" అని. అలా చెప్పి అడిగితే ఎవరూ కాదనలేదు. మనిషికి తన చోటు పోతుందన్న బాధ కంటే, తనను అడగలేదన్న బాధ ఎక్కువ.

రాజలింగానికి జట్టులో ఏ హోదా లేదు. మిషన్ దగ్గర డ్యూటీ దిగి, స్నానం చేసి, గ్రౌండుకు వచ్చేవాడు. కుర్రాళ్లు ఆయన మొహమే చూసేవాళ్లు. నేను భయపడ్డదే జరిగింది. జరిగితే ఆట బాగుపడింది.

రెండో ఏడు కింది డివిజన్‌లో అందరికంటే పైన నిలిచి మళ్లీ పైకి వెళ్లాం. ఆఖరి ఆటలో ముత్తయ్య మా గోల్ దగ్గర బంతి అందుకుని, లైను వెంబడి పోయి, గోల్ కొట్టే వీలున్నా కొట్టకుండా హాఫ్‌కు తోశాడు. వెదురు మోసిన ఆ హాఫ్ జన్మలో కొట్టిన మొదటి గోల్ అది. బస్సులో అందరూ పాడుతుంటే ముత్తయ్య కోయపాట ఒకటి అందుకున్నాడు. మాకెవరికీ మాటలు రావు. అయినా గొంతు కలిపాం.

"సరేనండీ"

ఆ ఏడు ఆటల కోటాలో ఒక్కటే పర్మినెంటు పోస్టు వచ్చింది. రావు గారు పిలిచారు. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి ఆ పోస్టుది. ఇంకొకటి నా సొంత ఉద్యోగం పొడిగించేది.

"పోస్టు ఆ రిజర్వు గోల్‌కీపర్ కుర్రాడికి ఇద్దామండీ. పైనుంచి మాట వచ్చింది. ముత్తయ్యకి వచ్చే ఏడాది చూద్దాం."

ఆ రిజర్వు గోల్‌కీపర్ సీజను మొత్తం బెంచీ మీద కూర్చున్నవాడు. నేను మాట్లాడలేదు.

"అయినా ఆ అడవి కుర్రాళ్లు నిలవరండీ. కొత్తల పండక్కని నాలుగు రోజులు డ్యూటీకి రాలేదట కదా?"

ఆ నాలుగు రోజులు సెలవిచ్చింది నేనే. కొత్త ధాన్యం ఇంటికి వచ్చే పండుగ, అమ్మ ఎదురుచూస్తుందని అడిగితే "పోయిరా" అన్నాను. కాగితం రాయించడం నేను మరిచాను. "సెలవు నేనే ఇచ్చానండీ" అనాలి. మూడు మాటలు. ముత్తయ్య వాళ్లమ్మ కళ్లు గుర్తొచ్చాయి కూడా. అయినా నా చూపు ఆ రెండో కాగితం మీద ఉంది.

"సరేనండీ" అన్నాను.

సాయంత్రం గ్రౌండు దగ్గర రాజలింగానికి చెప్పాను. ఆయన అంతా విన్నాడు.

"మీరేమన్నరు సార్?"

"ఏం అనలేదు."

"సెలవు మీరే ఇచ్చిండ్రని చెప్పలేదా?"

"చెప్పలేదు."

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "ముత్తయ్యకు నేను చెప్త" అని లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు ముత్తయ్య స్టోరులో జెర్సీ, సాక్సు అప్పగించి సంతకం పెట్టాడు. నా దగ్గరికి వచ్చి చేతులు జోడించి "పోతున్న సార్" అన్నాడు. మొహంలో కోపం లేదు. ఆ మొహంలో కోపం ఎందుకు లేదో నాకు అర్థం కాలేదు. నా మంచితనం చూసి ఊరుకున్నాడనుకున్నానేమో కూడా, చెప్పలేను. రాజలింగం అతని సంచి మోసుకుంటూ బస్సు దాకా వెళ్లాడు. ఆ తర్వాత గ్రౌండుకు రావడం మానేశాడు. ఎదురైతే నమస్కారం పెట్టేవాడు, అంతే.

జట్టు ఇంకో మూడేళ్లు పై డివిజన్‌లో ఉండి మళ్లీ పడిపోయింది. తొంభైల మొదట్లో మిల్లు జట్టునే ఎత్తేసింది. నా ఉద్యోగం మాత్రం, మిల్లు పిల్లలకు ఆట నేర్పే పేరుతో, రిటైరయ్యేదాకా ఉంది.

ముత్తయ్యను మళ్లీ చూసినప్పుడు

నేను రిటైరయిన తర్వాతి ఏడు రాజలింగం జబ్బు చేసి పోయాడు. కర్మకాండలకు జట్టు పాతవాళ్లు చాలామంది వచ్చారు. ముత్తయ్య కనిపించలేదు. కబురు అందలేదని రాజలింగం ఇంటివాళ్లు చెప్పారు. నేను వెళ్లి చెబుతానన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

పర్ణశాల దాకా బస్సు, అక్కణ్ణుంచి ఇప్పుడు ఆటో పోతోంది. ముత్తయ్య జుట్టు సగం నెరిసింది. పొలం చేసుకుంటున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు. వాళ్లమ్మ పోయి చాలా ఏళ్లయిందట. నన్ను చూడగానే గుర్తుపట్టి మంచం వేశాడు. రాజలింగం సంగతి చెప్పాను. నేల మీద కూర్చుండిపోయాడు.

"అన్న నన్ను బస్సు దాక తోలిండు సార్ ఆ దినం. తొవ్వల ఏడ్చిన నేను. సార్ మాటిచ్చిండు గద, ఎందుకు గిట్ల చేసిండు అని అడిగిన. గప్పుడు అన్న చెప్పిండు. మీ సార్ నీ కోసం ఆఫీసుల మస్తు కొట్లాడిండు, బల్ల గుద్ది అడిగిండు, సెలవు నేనే ఇచ్చిన అన్నడు, అయినా వాళ్లు ఇనలే. సార్ మీద కోపం పెట్టుకోకు అన్నడు. నేను పెట్టుకోలే సార్. మా అమ్మకు గూడ గదే చెప్పిన. మనకోసం ఒక సార్ కొట్లాడిండు అని నా బిడ్డలకు గూడ చెప్పిన."

రాజలింగం ఆ అబద్ధం నా పరువు కోసం ఆడలేదు, అది నాకు తెలుసు. తన కోసం ఒక్కడూ నోరు విప్పలేదన్న మాట మోసుకుని ఆ కుర్రవాడు ఇంటికి వెళ్లకూడదని ఆడాడు. నేను అనవలసిన మాటలు, అక్షరం పొల్లుపోకుండా, నా తరఫున ఆయన అనేశాడు. ఆయన, నేను నోటీసు బోర్డు మీద పేరు అంటించి పంపేసిన మనిషి.

ముత్తయ్య భార్య చాయ్ తెచ్చింది. ఆ గౌరవాన్ని తీసుకుని రావడం నావల్ల కాలేదు.

"లేదు ముత్తయ్యా" అన్నాను. "నేను కొట్లాడలేదు. ఆ గదిల ఒక్క మాట అనలేదు. సెలవు సంగతి చెప్పలేదు. నా నౌకరీ కాగితం అక్కడుంది. సరేనండీ అని వచ్చిన."

అతను నా మొహంలోకి చూశాడు. వాకిట్లో నిలబడ్డ పెద్దకూతురు కూడా విన్నది. ముత్తయ్య ఆమెను లోపలికి వెళ్లమని చేత్తో సైగ చేశాడు. తర్వాత ఎద్దులకు మేత వేసి వచ్చాడు. నేను లేచాను. వద్దన్నా రోడ్డు దాకా నాతో నడిచాడు. ఆటో వచ్చింది. ఎక్కాను. అప్పుడు దగ్గరికి వచ్చి, మెల్లగా, నెమ్మదైన గొంతుతోనే అన్నాడు.

"అన్న చెప్పిన మాటనే ఉండనిస్తే బాగుండు గద సార్."

ఆటో కదిలింది. వెనక్కి తిరిగి చూశాను. అతను అప్పటికే ఊరి వైపు నడుస్తున్నాడు.